చారులో ఇనుప మేకు

మా కెమిస్ట్రీ మేడం విషాల గురించి మొదలుపెట్టిందంటే స్టాఫ్ రూంలో సగం మంది టీ గ్లాసులు పట్టుకొని వరండాలోకి పోయేవారు. "బిస్కెట్ నోట్లె వెట్టుకున్నంక గీ పాషాణం ముచ్చటేంది మేడం" అని ఫిజిక్స్ సారు మొత్తుకునేవాడు. నేను మాత్రం కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకునేదాన్ని. కోరుట్లలో మా జూనియర్ కాలేజీ. నాది తెలుగు, ఆమెది రసాయనశాస్త్రం. రోజూ జగిత్యాల నుంచి బస్సులో వచ్చేది. వయసులో నాకంటే చాలా పెద్దదే కానీ, స్నేహం కుదిరాక ఆ లెక్క ఎటో పోయింది. విషమంటే అప్పటిదాకా నాకు శివుడి గొంతులో ఉన్నదొక్కటే తెలుసు. మిగతావన్నీ ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

ఎన్నిసార్లు విన్నా నాకు విసుగు పుట్టని కథ ఒకటి చెప్పేది. చాలా కాలం కిందట ఇంగ్లండులో, ఆయుధాల కర్మాగారంలో పనిచేసే ఒక రసాయన శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. ఒక ముసలాయన కాఫీ తాగి చనిపోతే, మనవడి మీద అనుమానం వచ్చి ఆ కాఫీని ఈయన దగ్గరికి పంపారు. ఈయన పరీక్ష చేశాడు. పసుపుపచ్చని మడ్డి తేలింది. పాషాణమేనని, అంటే ఆర్సెనిక్ అని తేల్చాడు. తీరా కోర్టులో జ్యూరీ ముందు పెట్టేసరికి ఆ మడ్డి కాస్తా చెడిపోయింది. చూపించడానికి ఏమీ లేదు. జ్యూరీ నమ్మలేదు, మనవడు దర్జాగా ఇంటికి పోయాడు. తర్వాతెప్పుడో ఆ పని చేసింది తానేనని వాడే ఒప్పుకున్నాడట.

"ఆయినకు ఎంత మండి ఉంటదో సూడుండ్రి" అనేది మేడం, అప్పుడే కోర్టు నుంచి వచ్చినట్టు. "నాకు తెలిస్తె సాలదు, పదిమంది కండ్లవడాలె అనుకున్నడు. గా కోపంల కొత్త పరీక్ష కనిపెట్టిండు."

ఆ కొత్త పరీక్షలో, అనుమానం ఉన్న పదార్థాన్ని ఆమ్లంలో, జింకు ముక్కలతో కలుపుతారు. వచ్చిన వాయువును మండించి, ఆ మంట మీద చల్లని పింగాణీ పళ్లెం పెడతారు. పాషాణం ఆవగింజంత ఉన్నా పళ్లెం మీద నల్లగా, అద్దంలా మెరిసే మరక పడుతుంది. ఎవరైనా చూడొచ్చు. కానీ మేడం అసలు మెచ్చుకునేది ఆ తర్వాత జరిగినదాన్ని. మరి ఆ జింకులోనే పాషాణం ఉంటేనో? అమాయకుడికి ఉరి పడుతుంది కదా! అందుకని ఆ కాలపు రసాయనవేత్తలు మొదట ఏమీ కలపకుండా ఉత్త జింకుతోనే పరీక్ష చేసి చూసుకునేవారు. ఫ్రాన్సులో ఒక పెద్దాయన, శవంలో విషం ఉందని చెప్పే ముందు శ్మశానంలో మట్టిని కూడా పరీక్షించాడట, విషం మట్టిలోంచి వచ్చిందేమోనని. నేరం పక్కవాడి మీదికి తోసే ముందు తన చేతిలో ఉన్న సామాను కడిగి చూసుకోవడం అన్న బుద్ధి మనుషులకు అంత తొందరగా రాదు. అది వచ్చినవాళ్లంటే నాకు అప్పటికీ ఇప్పటికీ చెప్పలేనంత గౌరవం.

తెలంగాణ ఉద్యమం ఊపందుకుని సమ్మెలు మొదలయ్యాక కాలేజీ మూతపడింది, బస్సులు ఆగిపోయాయి. మేడం జగిత్యాలలో టీచర్ల దీక్షా శిబిరంలో కూర్చుంది. నేను సిరిసిల్లలో మా బాపు దగ్గరికి, పుట్టింటికి వచ్చాను. నన్ను కన్న మా అవ్వ పోయినప్పటి నుంచి ఆయన ఒక్కడే ఉండేవాడు. మగ్గం మీద బతికిన మనిషి. వాడలో పెద్దాచిన్నా అందరూ ఆయన్ను బాపు అనే పిలిచేవారు. పేరు పెట్టి పిలిస్తే పలికేవాడో లేదో నాకు అనుమానమే.

ఒకరోజు మెయిన్ రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే కూర్చుని తిని నిరసన తెలపడం. ఒక్కో వాడది ఒక్కో పొయ్యి. మా వాడ వంట ఒకామె చేతిలో పెట్టారు. బోయినపల్లి దిక్కు నుంచి వచ్చి చర్చి వెనక కిరాయికుంటున్న మనిషి. భూమీ పుట్రా లేని ఇల్లు. బడిలో పిల్లలకు మధ్యాహ్నం వంట చేసేది, పెళ్లిళ్లకూ పిలిచేవారు. "తెలంగాణ కోసం వండుడుకు కూలి తీసుకుంటమా" అంటూ ఎసట్లో బియ్యం పోసింది.

అన్నానికి డేగిసాలు దొరికాయి కానీ చారుకు పెద్ద గిన్నె దొరకలేదు. టెంట్ హౌసులో ఉన్నవన్నీ పక్క వాడలవాళ్లు పొద్దున్నే ఎత్తుకుపోయారు. అప్పుడు బాపుకు మా పెరట్లో బోర్లించి ఉన్న రాగి గంగాళం గుర్తొచ్చింది. మా ముత్తాత కొన్నది. చేమగ్గాల కాలంలో పడుగు నూలుకు పెట్టే గంజి అందులోనే కాచేవారు. మరమగ్గాలు వచ్చాక దాని మొహం చూసినవాడు లేడు. బాపు దాన్ని చింతపండు, బూడిద పెట్టి లోపలా బయటా తానే తోమాడు. కొత్త పెళ్లికూతురులా మెరిసిపోయింది. వంటామె అన్నం పని చూసుకుని వచ్చేసరికే గంగాళం పొయ్యి మీద ఉంది, నీళ్లు కాగుతున్నాయి. ఆమె చింతపండు పిసికి చారు పెట్టింది.

ఇంకా తినడానికి లేదు. నాయకుడు రావాలి. రాలేదు. వచ్చాక మాట్లాడాలి. మాట్లాడాడు, మాట్లాడాడు, ఇక ఆపడేమో అనిపించింది. చారు మాత్రం గంగాళంలోనే ఓపిగ్గా కూర్చుంది.

అందరం తిన్నాం. విస్తళ్లు ఎత్తకముందే కడుపులో దేవడం మొదలైంది. ముందు పిల్లలు, తర్వాత ముసలివాళ్లు, ఆ తర్వాత నేను, బాపు కూడా. రోడ్డు పొడుగునా వాంతులు. ఆటోల్లో వేసి అందరినీ ఆస్పత్రికి తీసుకుపోయారు. దేవుడి దయ, ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదు. డాక్టరు మాత్రం ఏం కలిసిందో చెప్పలేనన్నాడు. మిగిలిన చారు హైదరాబాదు పంపాలి. తీసుకుపోవడానికి బస్సు లేదు, అక్కడ తలుపు తీయడానికి మనిషి లేడు. అందరూ సమ్మెలోనే ఉన్నారు.

నిజం తేలడానికి టైం పడుతుంది కానీ పుకారుకు బస్సెందుకు? పొద్దు గూకకముందే ఊరంతా అదే మాట. ఉద్యమాన్ని చెడగొట్టేటందుకు ఎవరో వంటామెకు పైసలిచ్చి మందు కలిపించారట. ముందురోజు దాకా ఆమె చేతి బగారన్నం లొట్టలేసుకుంటూ తిన్నవాళ్లే, "ఆమె చేతి కూడు వద్దని మేం అప్పుడే అనుకున్నం" అనసాగారు. ఎప్పుడనుకున్నారో దేవుడికెరుక. బడివాళ్లు వంటకు రావద్దని కబురు పెట్టారు. వాడ పెద్దలు కూర్చుని, ఆమెను పోలీసులకు పట్టించాలా, లేక ఊరు విడిచి పొమ్మనాలా అని తేల్చాలనుకున్నారు. ఆ పెద్దల్లో మొదటివాడు మా బాపే.

ఆమె మా గడప ముందుకు వచ్చి నిలబడింది. "నేనేం కలుపలే బాపు. నా బిడ్డ గూడ గదే చారు తిన్నది. దవఖాన్ల పన్నది, పోయి సూడుండ్రి" అంది. వాంతులతో నీరసించిపోయిన బాపు మంచం మీంచి లేవకుండానే, "పో, పెద్దమనుషుల ముంగట చెప్పుకో పో" అని కసిరాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఏ తల్లైనా సొంత బిడ్డకు విషం పోస్తుందా? అదే మాట బాపుతో అంటే మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

లోపలికి పోయి మేడంకు ఫోన్ చేశాను. ఎవరు కలిపారు, ఎందుకు కలిపారు అని ఆమె అడగలేదు.

"తిన్నప్పుడు నోట్లె రుచి ఎట్లుండె?" అంది.

"రూపాయి బిళ్ల నాకినట్లుండె మేడం."

"చారు దేంట్ల కాసిండ్రు?"

చెప్పాను. చెప్తుండగానే దాన్ని తోమి పొయ్యి మీద పెట్టిందెవరో గుర్తొచ్చింది. "మిగిలిన చారు పారబోయనియ్యకు. తెల్లారి అస్త" అంది.

బస్సుల్లేని ఆ రోజుల్లో, ఆ వయసులో, వేములవాడ మీదుగా స్కూటీ నడుపుకుంటూ వచ్చింది. దుమ్ముకొట్టుకుపోయిన మొహం కూడా కడుక్కోకుండా, మేకులు, గరుకు కాగితం తెమ్మంది. పంచాయితీకి చేరిన పెద్దలనూ, వాడ జనాన్నీ మా వాకిట్లోనే కూర్చోబెట్టింది. నాకు మాత్రమే వినబడేలా, "మీ ఇంటి మీదికే అచ్చేటట్టున్నది, సూస్కో" అంది. "రానియ్యండి" అన్నాను. అన్నాను గానీ, బాపు వైపు చూడలేకపోయాను. ఒకరు వేలెత్తి చూపి ఎరగని వంశం మాది అని గర్వంగా చెప్పుకునే మనిషి ఆయన.

మేడం వంటామెను పిలిచి, అదే చింతపండుతో, అవే నీళ్లతో చారు రెండు చోట్ల పెట్టమంది. ఒకటి స్టీలు గిన్నెలో, ఒకటి గంగాళంలో. జనం కళ్లన్నీ ఆమె చేతుల మీదే. ఉప్పు వేస్తుంటే ఒకడు మెడ చాచి మరీ చూశాడు. ఆమె పిడికిలి తెరిచి వాడికి చూపించి మళ్లీ వేసింది. చారు కాగాక మేడం, "గిప్పుడే తియ్యద్దు. నాయకుడు అచ్చి మాట్లాడిపోయేంతసేపు ఉండనియ్యాలె" అంది. ఆ గాంభీర్యంలోనూ జనం కిసుక్కున నవ్వారు.

తర్వాత మూడు గాజు గ్లాసులు కడిగించి వరసగా పెట్టింది. ఒకదానిలో వంటావార్పు నాటి చారు, ఒకదానిలో స్టీలు గిన్నెది, ఒకదానిలో గంగాళంది. గరుకు కాగితంతో తెల్లగా రుద్దిన మేకు ఒక్కోదానిలో ఒక్కోటి వేసింది. మరమగ్గం నడిపే కుర్రాడొకడు, "మేడం, మేకులనే ఏమన్న ఉంటెనో?" అన్నాడు. మేడం మొహం వెలిగిపోయింది. "శబాష్! గదే అడగాలె. మేకుల ఉంటె మూడిట్లనూ కనవడాలె గద, సూద్దాం" అంది. వాడు ఆమె క్లాసులో ఎప్పుడూ కూర్చోనివాడు. కూర్చుని ఉంటే ఎంత బాగుండేదో అనుకున్నాను.

టీలు తాగాం. ఎండ అరుగు ఎక్కింది. మేడం మేకులు ఒక్కొక్కటే తీసి, నీళ్లతో కడిగి, తెల్లగుడ్డ మీద పెట్టింది. స్టీలు గిన్నె చారులోది ఎలా వేసిన ఇనుము అలాగే ఉంది. మిగతా రెండూ మునిగినంత మేర ఎర్రగా, కొత్త రాగి తీగలా మెరుస్తున్నాయి. ఆ గుడ్డను ఆమె జనంలోకి పంపింది. చేతులు మారుతూ ఒక్కొక్కరి దగ్గరా ఆగింది. కళ్లజోడు లేని ముసలవ్వ గోటితో గీకి చూసింది.

"రాగి మీద పట్టే పచ్చ చిలుము తెల్సు గద అందరికీ" అంది మేడం. "గదే, కండ్లకు కనవడకుండ చారుల కరిగి వాంతులు వెట్టించింది. పులుపు రాగిని తింటది. గందుకే వండుకునే రాగి గిన్నెకు లోపట కళాయి పూత ఏపిస్తరు. నూలు గంజి కాసే గంగాళానికి ఎవ్వలు ఏపిస్తరు? ఎంత మంచిగ తోమితె అంత మంచిగ కరుగుతది. అదే చెయ్యి, అదే చింతపండు. ఆమె చెయ్యిల ఏం లేదు."

మా అవ్వ బతికుంటే ఆ గంగాళాన్ని పొయ్యి దాకా పోనిచ్చేది కాదు. స్టీలు వచ్చి, కళాయి వేసేవాళ్లు కనుమరుగయ్యాక ఆ సంగతే మా ఇళ్లలో మాసిపోయింది. వాకిట్లో అందరూ బాపు వైపు చూశారు. అప్పుడాయన కర్ర ఊతంతో లేచాడు. "గంగాళం నాది. తోమింది నేను. పొయ్యి మీద వెట్టింది నేను. పెద్దమనుషులు కూసునుడే ఉంటె నా మీద కూసోండ్రి" అన్నాడు. తగ్గిన గొంతుతో కాదు, వీధి చివర దాకా వినబడేటట్టు. మా బాపును నేను అంతకుముందూ ప్రేమించాను కానీ, ఆ పూట చూసి పొంగిపోయాను.

ఆయన అక్కడితో ఆగలేదు. వంటామె దగ్గరికి నడిచి, స్టీలు గిన్నె ముందు దోసిలి పట్టాడు. "పొయ్యి బిడ్డా. అందరు సూస్తరు, నీ చేతి చారు తాగుత" అన్నాడు.

ఆమె గరిటెతో పోసింది. ఆయన తాగుతుండగా, కోపమేమీ లేకుండా, నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగింది.

"నేను గూడ గదే చెప్పిన గద బాపు, మీ గడప ముంగట నిలవడి. నా బిడ్డ దవఖాన్ల ఉన్నదని గూడ చెప్పిన. మేకు చెప్తె నమ్మిండ్రు. నేను చెప్తె ఎందుకు నమ్మలే?"

బాపు దోసిలి నోటి దగ్గరే ఆగిపోయింది. చారు వేళ్ల సందుల్లోంచి కారి నేల మీద పడుతోంది. మేడం గ్లాసులు సర్దుకోసాగింది. వంటామె గరిటె గిన్నెలో వేసి, బిడ్డను చూసుకోవడానికి ఆస్పత్రికి పోయింది.