రీస్టార్ట్ అక్కరలేని ప్యాచ్

కోవిల్‌పట్టిలోని ఆ అగ్గిపెట్టెల కంపెనీలో కంప్యూటర్ల బాగోగులన్నీ కార్తీశ్వరివే. విండోస్‌లోని లోపాలు సరిచేసే ప్యాచ్‌లు వచ్చిన రోజున చూపుడువేలు తెర మీద జరుపుతూ ఒక్కోదాని వివరాలు చదువుతుంది: ఎంత ముఖ్యమైనది, ఏ పాతదాని బదులు వచ్చింది, రీస్టార్ట్ కావాలా వద్దా. కావాలంటే అందరికీ తమిళంలో మెసేజ్ పెడుతుంది. విరుదునగర్ గోడౌన్‌లో ఉండే రాజాత్తికి మాత్రం ఫోను చేస్తుంది. అమ్మ పోయాక తనతో తెలుగు మాట్లాడే మనిషి రాజాత్తి ఒక్కతే. రాజాత్తి కంప్యూటరు ఆగి మళ్లీ లేచేదాకా ఇద్దరికీ వేరే పనుండదు. కూరల గురించీ మోకాళ్ల నొప్పుల గురించీ మాట్లాడుకుంటారు.

ఈసారి ప్యాచ్‌కు 'రీస్టార్ట్ అవసరం లేదు' అని ఉంది. ఆ వరుస మీద కార్తీశ్వరి వేలు చాలాసేపు ఆగిపోయింది. తర్వాత ఫోను తీసింది.

"అక్కా, రీస్టార్ట్ చెయ్యాల. పని సేవ్ చేసుకో."

"అక్కరలేదని ఈడ తెర మీద పడిందే పాపా," అంది రాజాత్తి.

కార్తీశ్వరి నాలుక కరుచుకుంది. అవతల కుర్చీ కిర్రుమంది.

"పోయిన తూరీ అట్లే పడింది. అయినా నువ్వు సెప్తివని ఆపేస్తిని. ఇదో, ఇప్పుడూ ఆపేసినా. నువ్వు సెప్పు, ఈ పొద్దు ఏం కూర?"