పైడితల్లి పుంజీ లెక్క

ఇరవై రెండేళ్ళుగా కడుపులో దాచుకున్న మాట ఒకటి మీకు చెప్పాలి. ఇంట్లో చెప్పలేదు. స్టాఫ్ రూములో అసలే చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీ దగ్గర నోరు పెగులుతోంది. నా పేరు చెప్పను. ఆ పిల్ల పేరు మాత్రం చెప్తాను. పైడితల్లి. ఇన్నేళ్ళూ నేను దాచిపెట్టింది ఆ పేరునే. ఇక్కడ కూడా దాచేస్తే ఇంక ఈ రాత ఎందుకు?

నేను లెక్కల టీచర్ని. కూడికలు, తీసివేతలు, గుణకారాలు, భాగహారాలు. ఆరో తరగతిలోకి కొత్తగా వచ్చిన పిల్లలకు వాటిని మళ్ళీ మొదటినుంచీ దిద్దబెట్టడం నా పని. ఉద్యోగం వచ్చిన రెండో ఏడు, విజయనగరం జిల్లాలో మామిడి తోటల మధ్యనున్న ఒక హైస్కూల్లో ఉన్నాను. నేను టౌనులో పెరిగినదాన్ని. మామిడికాయను ఉప్పూకారం అద్దుకుని తినడం తెలుసు గానీ, అది చెట్టు మీదనుంచి గంపలోకి ఎలా వస్తుందో తెలియదు. తెలియదన్న సంగతి కూడా అప్పట్లో తెలియదు. ఇరవై నాలుగేళ్ళ వయసు, చేతిలో బీఎడ్ పట్టా. నాకు రానిదేముంది అనుకునే రోజులు.

పైడితల్లి రెండో బెంచీలో చివర కూర్చునేది. నూనె కారేలా దువ్విన రెండు జడలు. ఒకదానికి ఎర్ర రిబ్బను, ఇంకోదానికి తెల్లది. నేను పాఠం చెబుతుంటే ఆ పిల్ల పెదాలు కదులుతూ ఉండేవి. అమ్మా నాన్నా నాయనమ్మా అందరూ తోటల్లో కాయకోతకు వెళ్ళేవారు. సెలవుల్లో తనూ వెళ్ళేది. నాకు ఆ పిల్లంటే ఇష్టం. ఇప్పుడీ మాట అంటే మీరు నమ్మరేమో. ఇష్టమైన పిల్లనే అలా చేశానంటే, ఇష్టం లేనివాళ్ళను ఇంకేం చేసి ఉండేదాన్నో.

ఒకరోజు గుణకారాల పరీక్ష పెట్టాను. పది లెక్కలు. స్టెప్పులన్నీ వేయాలని రెండుసార్లు చెప్పాను. "ఒక గంపలో 48 కాయలు ఉన్నాయి. 25 గంపల్లో ఎన్ని?" అలాంటివి. పైడితల్లి కాగితం మీద స్టెప్పులే లేవు. వరసగా పది జవాబులు, అంతే. లెక్కలకు నంబర్లు కూడా తిన్నగా వేయలేదు. ఒకటికి బదులు "లా" అని రాసి, ఆ కింద 2, 3, 4 వేసింది. పక్కనే కూర్చునే సుజాత క్లాసులో ఫస్టు. స్టెప్పులన్నీ ముత్యాల్లా వేసింది. చూడగానే నాకు అంతా అర్థమైపోయిందనుకున్నాను.

నిలబెట్టి అడిగాను.

"ఈ జవాబులు ఎక్కడివి?"

"నానే కట్టినాను మేడం."

"స్టెప్పులేవి మరి?"

"నోటితో కట్టీసినాను."

"మొదటి లెక్క దగ్గర ఈ 'లా' ఏమిటి? ఎవరికి సైగ?"

"లాభం, మేడం."

పరీక్ష కాగితం మీద లాభమేమిటని పిల్లలు గొల్లుమన్నారు. నన్ను వెక్కిరిస్తోందనుకున్నాను. ఒళ్ళు మండింది.

"కాపీ కొట్టి, పైగా వేళాకోళమా?"

"నాను కాపీ కొట్టనేదు మేడం. మాయమ్మ తోడు, కొట్టనేదు."

సున్నా వేశాను. "నేను కాపీ కొట్టను" అని వందసార్లు రాసుకు రమ్మన్నాను. మర్నాడు రాసుకొచ్చింది. పేజీని నాలుగు వరసలుగా మడిచి, ఒక్కో వరసలో పాతికేసి. ఎంత పొందికగా రాసిందో! మెచ్చుకోలుగా తలూపాను కూడా. ఆ నాలుగు పాతికలు నాతో ఏదో చెబుతున్నాయని నాకు తట్టనేలేదు.

ఇంతవరకే అయితే కొత్త టీచరమ్మ తొందరపాటు అని మీరు పోనిస్తారు. నేనూ పోనిచ్చేదాన్ని. కానీ సున్నా వేసిన రోజు సాయంత్రమే ఇంట్లో మిగిలిన కాగితాలు దిద్దుతుంటే సుజాతది చేతికొచ్చింది. ఏడో లెక్క, 125 ఇంటూ 32. సుజాత చేతిలో ఉన్నది కలపడం మరిచిపోయి 3900 వేసింది. పైడితల్లి 4000 వేసింది. అదే సరైనది. కాపీ కొట్టినదానికి, ఎవరిది చూసి కొట్టిందో వాళ్ళకంటే ఎక్కువ మార్కులెలా వస్తాయి? అంటే నాకు తెలుసు. ఆ రోజే తెలుసు. నలభై మంది ముందు నిలబెట్టి అన్న మాటను, ఆ నలభై మంది ముందే వెనక్కి తీసుకోవాలంటే సిగ్గేసింది. రేపు చూద్దాం అనుకున్నాను. రేపు అన్నది ఎన్నిసార్లు వచ్చి వెళ్ళిందో నాకే లెక్క లేదు.

వేసవిలో ఆవకాయకు కాయల కోసం తోటకు వెళ్ళాను. చెట్టు కింద ఒక ముసలమ్మ, ఈ చేత్తో రెండు ఆ చేత్తో రెండు కాయలు తీసి గంపలో వేస్తూ లెక్కపెడుతోంది. "లాభం... రెండు... మూడు..." లాభం ఏమిటి మామ్మా అని అడిగాను.

"మొదల్నే ఒకటి అనకూడదమ్మా. లాభం అనాల. నాలుగు కాయలు ఒక పుంజీ. పాతిక పుంజీలు నూరు. ఇందల ఏటున్నాది? మా మనవరాలు గుంటకి సూపించినాను, మీ ఇస్కూలే, పైడితల్లని. నోటితోనే కట్టీస్తాది."

ఆమె గంపలోకి చూస్తూ నిలబడిపోయాను. 48 కాయలంటే పన్నెండు పుంజీలు. పాతిక గంపల్లోంచీ ఒక్కో పుంజీ తీస్తే నూరు కాయలు. అలా పన్నెండుసార్లు తీస్తే గంపలన్నీ ఖాళీ. పన్నెండు వందలు. స్టెప్పు ఏది అని అడిగానే, ఇదీ స్టెప్పు. నేను బోర్డంతా నింపి చేసే లెక్కను ఆ పిల్ల పెదాలు కదిపి చేసింది. ఎంత ముచ్చటేసిందో చెప్పలేను. వెంటనే వెళ్ళి ఆ జడల పిల్లను దగ్గరికి తీసుకోవాలనిపించింది. తీసుకున్నానా? లేదు. ఆ మామ్మకు తన మనవరాలికి సున్నా వేసిన పంతులమ్మను నేనేనని కూడా చెప్పలేదు. కాయలు కొనుక్కుని వచ్చేశాను.

స్కూలు తెరిచాక ఏడో తరగతికీ నేనే లెక్కలు చెప్పాను. పైడితల్లి పెదాలు కదపడం మానేసింది. ప్రతి లెక్కా నిలువుగా రాసి, నేను చెప్పిన స్టెప్పులన్నీ వేసి, సగం తప్పులు చేసేది. చేతిలో ఉన్నది కలపడం మరిచిపోయేది. తప్పు దిద్దించుకోవడానికి నా బల్ల దగ్గరికి వచ్చి, తల దించుకుని నిలబడేది. నేను ఓపికగా దిద్దేదాన్ని. చూడండి ఎంత మంచిదాన్నో.

ఇక అసలు సంగతి. ఆ చలికాలం మండలంలోని లెక్కల టీచర్లందరి సమావేశం జరిగింది. గుణకారం చెప్పడానికి కొత్త పద్ధతులుంటే చూపించమన్నారు. నేను లేచి గంపలు, పుంజీలు, పాతిక పుంజీలకు నూరు అని బోర్డు మీద వేసి చూపించాను. చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు. ఎలా తట్టిందమ్మా నీకిది అని ఒక పెద్దాయన అడిగితే, "పిల్లలకు చెప్తూ చెప్తూ ఉంటే తట్టిందండి" అన్నాను. నోరు తడబడనైనా లేదు. దొంగే దొంగా దొంగా అని అరిచినట్టు, కాపీ కొట్టావని పిల్లకు సున్నా వేసి, ఆ పిల్ల లెక్కను నేను ఎత్తుకొచ్చేశాను.

తర్వాత ఎన్నో బదిలీలు. వెళ్ళిన చోటల్లా ఆ పద్ధతినే చెప్పాను. మేడం గారి పుంజీ లెక్క అని పేరు కూడా వచ్చింది. స్టాఫ్ రూములో ఎవరైనా కాపీ అన్న మాట ఎత్తితే, గుమ్మడికాయ దొంగ భుజాలు తడుముకున్నట్టు నా చేతులు పని వెతుక్కునేవి.

ఈ ఏడు బదిలీ మీద మళ్ళీ ఆ మొదటి స్కూలుకే వచ్చాను. ఆరో తరగతిలో జాహ్నవి అనే పిల్ల ఉంది. తల్లిదండ్రుల సమావేశానికి ఆ పిల్ల తల్లి వచ్చింది. నన్ను చూసి ముఖమంతా నవ్వు చేసుకుంది. పైడితల్లి. నా చెయ్యి పట్టుకుంది, బాగున్నారా అంది, చిక్కిపోయారంది. తర్వాత కూతురి మార్కులు చూసి అంది: "ఇది నా పోలికేనండి మేడం. మాకు లెక్కలు రావు. నాను మీకాడ కాపీ కొట్టి దొరికిపోనాను గదేటండి, గుర్తున్నాదా?"

దెప్పిపొడిచిందా అని ముఖంలోకి చూశాను. లేదు. చిన్నప్పటి చిలిపి పని గుర్తు చేసుకుని నవ్వుతోంది. ఆమె నమ్మేసింది. తల్లి మీద ఒట్టేసి కాదన్న పిల్ల, నా మాట మీద గౌరవంతో, తనే కొట్టి ఉంటానని నమ్మేసింది. ఆ నవ్వు ముందు నేను చేసిందేమిటో తెలుసా? సంతకం ఎక్కడ పెట్టాలో చూపించాను.

నిన్న శనివారం. నలభై మంది ఉన్న ఆరో తరగతికి గుణకారం. ఏటా రాసే గంపల లెక్కే రాశాను. పిల్లలు నోటితో కట్టేసి మురిసిపోయారు. ఇది ఎవరు కనిపెట్టారని ఒకరు అడిగారు. ఏటా ఎవరో ఒకరు అడుగుతారు, నేను నవ్వి ఊరుకుంటాను. నిన్న నవ్వు రాలేదు. మీలాగే ఇక్కడే ఆరో తరగతి చదివిన పైడితల్లి దగ్గర నేర్చుకున్నానని చెప్పాను.

జాహ్నవి లేచి నిలబడింది. "మాయమ్మండి అది. మాయమ్మ కాపీ కొట్టీసీదంట గదండి?"

"లేదమ్మా. మీ అమ్మ కాపీ కొట్టలేదు. నేను అబద్ధం చెప్పాను. మీ అమ్మ లెక్కను నాదని చెప్పుకున్నాను. కాపీ కొట్టింది నేను."

కొందరు నవ్వారు, మేడం సరదాకి అంటోందనుకుని. జాహ్నవి నవ్వలేదు. "మరిన్నాళ్ళూ ఎందుకు సెప్పనేదండి?" అంది. అచ్చం ఆ పరీక్ష రోజు వాళ్ళమ్మలాగే నా కళ్ళలోకి చూస్తూ.

బెల్లు కొట్టారు. రాత్రికల్లా పైడితల్లికి తెలిసే ఉంటుంది. రేపు స్కూలుకు రావచ్చు, రాకపోవచ్చు. వచ్చి తిడితే పడతాను. నవ్వి ఊరుకుంటుందేమోనన్నదే నా భయం. ఆమె పోగొట్టుకున్న లెక్కలను నేను తిరిగి ఇవ్వలేను, క్షమించమని అడిగే ముఖం కూడా నాకు లేదు. కానీ ఈ పూట ఊపిరి తిన్నగా ఆడుతోంది. పైడితల్లి కాపీ కొట్టలేదన్న మాట ఇప్పుడు ఆ ఊళ్ళో నలభై ఇళ్ళకు తెలుసు.