పాటకు చేపిన బర్రె

గాండ్రింపులతో హోరెత్తే మా డెత్ మెటల్ పాటల్లోకి తియ్యటి రాగం ఎలా వచ్చిందని అడిగితే, విదేశీ క్యాసెట్లు విని నేర్చుకున్నామని గొప్పలు పోయేవాళ్లం. అబద్ధం. నేర్పింది కొండాపూర్‌లోని ఒక బర్రె.

తొంభైల చివర మాట. నలుగురం పొద్దున కంప్యూటర్ కోర్సులకు వెళ్లి, సాయంత్రం గిటార్లు పట్టేవాళ్లం. కడప నుంచి వచ్చిన నేను కూకట్‌పల్లిలో గది తీసుకున్నాను. అక్కడ ఒక్క సాయంత్రం వాయించినందుకే ఇంటివాళ్లు సామాను సర్దుకోమన్నారు. చివరికి మా డ్రమ్మర్ నాయనమ్మ తన బర్రె కొట్టం పక్కనున్న రేకుల షెడ్డు ఇచ్చింది. ఆమెను మేమందరం అవ్వా అనే పిలిచేవాళ్లం. ఊరంతా గాలించినా దొరికిన చోటు అదొక్కటే, అది పోతే బృందమే పోయినట్టు.

మొదట్లో మాకు వేగమే సంగీతం. గాయకుడు గాండ్రిస్తే రేకులు అదిరేవి. మూడోరోజు అవ్వ ఖాళీ బకెట్‌తో గుమ్మంలోకి వచ్చింది.

"ఏంది బిడ్డా, ఆ పిలగానికి కడుపునొప్పా? జర దవాఖానకు తీస్కపోండ్రి!"

"అది పాట అవ్వా," అన్నాను.

"గిదా పాట? మొదలే దూడ సచ్చిన బర్రె. మీ లొల్లికి చేపుతలేదు. పాలియ్యకుంటే ఇగ వేరే జాగ చూస్కోండ్రి."

మనసు కుదుటపడితేనే బర్రె పొదుగులోకి పాలు దిగుతాయి. చేపడమంటే అదే. షెడ్డు పోతుందన్న భయంతో నేను గిటార్ హోరు తగ్గించి, చేతికొచ్చిన రాగమేదో నెమ్మదిగా వాయించాను. బర్రె చెవి ఇటు తిప్పింది. కాసేపటికి బకెట్‌లో ధార మోగింది.

ఆ రోజు నుంచి పాలు పితికే వేళకు ఏ పాటైనా సగంలో మెత్తబడాల్సిందే. డ్రమ్మర్ పాలధారల లయకు తగ్గట్టు దరువు కుదించాడు. గాయకుడే రుసరుసలాడాడు. "మనది డెత్ మెటలా, పాల డెయిరీనా?" అన్నాడు. కానీ ఆరు నెలలు తిరిగేసరికి అతనూ గాండ్రింపును రాగం కింద సన్నగా పరిచాడు. నిజం చెప్పాలంటే మా పాటలు పాటల్లా వినిపించింది అప్పుడే.

ఇంతలో చుట్టుపక్కల అద్దాల భవనాలు లేచాయి, గడ్డి మాయమైంది. అవ్వకు మోకాళ్లు పట్టేశాయి. బర్రెను అమ్మి, కొట్టం తీసేసి కొడుకు దగ్గర ఉంటానంది. శంకర్‌పల్లి వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. పాలు తానే పితికి చూసుకోనిదే ఎవరూ బర్రెను కొనరు కదా. అతను కూర్చున్నాడు, తవుడు పెట్టాడు, వీపు నిమిరాడు. బర్రె చేపలేదు. పాట లేనిదే పాలివ్వకుండా దాన్ని పాడుచేసింది మేమే.

"వాయించకు. అమ్ముడుపోకపోతే షెడ్డు మనదే," అని గాయకుడు నా చెవిలో అన్నాడు. నాకూ లోపల సంతోషంగానే ఉంది. ఆ సంతోషానికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

అవ్వ గోడ పట్టుకుని కింద కూలబడింది. "నాతోని ఇగ అయితలేదు బిడ్డా. జర వాయించు."

వాయించాను. డ్రమ్మర్ దరువందుకున్నాడు. ఆఖరికి గాయకుడూ గొంతు కలిపాడు. బకెట్ నిండింది.

"పాట లేకుంటే ఇయ్యదా ఏంది?" రైతు అనుమానంగా అడిగాడు.

"ఇయ్యదు," అంది అవ్వ. ఆమెకు అబద్ధం చేతకాదు.

దాంతో మా పాటలున్న ఒకే ఒక్క క్యాసెట్ అతని చేతిలో పెట్టాం. బేరం కుదిరింది. పశువును అమ్మినవాళ్ల ఆనవాయితీ ప్రకారం పలుపుతాడు అవ్వ ఉంచుకుంది. మాకు ఉంచుకోవడానికేమీ మిగల్లేదు. వారంలో షెడ్డు నేలమట్టమైంది, మేం తలో దిక్కు పోయాం.

రెండు నెలలకు ఆ రైతే నా అడ్రసు కనుక్కుని గదికొచ్చాడు. టేపు తెగిపోయిందట, ఇంకోటి కావాలట. అంతవరకు మళ్లీ పాడమని మమ్మల్ని అడిగిన మనిషి లేడు. మిగతా ముగ్గురికీ కబురు పెట్టాను, పరుగున వచ్చారు. డ్రమ్ములు లేవు గనుక డ్రమ్మర్ నా సూట్‌కేసు ముందేసుకున్నాడు.

"ఆ గాండ్రించేటాయన ఎవలు?" అని రైతు అడిగాడు. గాయకుడు తలొంచుకుని చెయ్యెత్తాడు. "నీ గొంతు జర పెద్దగ రానియ్యి బిడ్డా. అది ఇనంగనే చేపుతది."

తలుపు బిగించి టేప్ రికార్డర్ నొక్కాం. మావాడు అంత ప్రేమగా గాండ్రించగా నేను వినడం అదే మొదటిసారి.