నన్నే అడుగుతారేమో

పోయిన నెల మా ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షన్‌కి చీర కొందామని పంజాగుట్టలో ఒక దుకాణానికి వెళ్ళాను. లిఫ్టు మూడో అంతస్తులో ఆగింది. తలుపులు తెరుచుకోగానే ఎదురుగా వరసలు వరసలుగా పట్టుచీరలు. ఎవరికైనా ప్రాణం లేచివచ్చే దృశ్యం. నాకు మాత్రం అరచేతులు చెమట పట్టాయి. సేల్స్ అమ్మాయి ఎదురొచ్చి "ఏ రేంజ్‌ల చూపియ్యాలె మేడం?" అని అడిగితే పక్కనున్న బల్ల పట్టుకున్నాను. పాపం, నాకు బీపీ ఏదో ఉందనుకుని స్టూలు తెచ్చి వేసింది. కూర్చుని చుట్టూ చూశాక అర్థమైంది. ముఖద్వారం, పైకప్పు మార్చారు, గోడలకు నిలువెత్తు అద్దాలు బిగించారు గానీ, హాలు మధ్యలో ఆ లావుపాటి స్తంభం అలాగే ఉంది. ఒకప్పుడు నేను విదేశీ ఎంబీఏ చదివింది ఈ హాల్లోనే. చదివింది అనడం కంటే, ఆ స్తంభం వెనక దాక్కున్నాను అనడం సబబు.

నాది బీఎస్సీ కెమిస్ట్రీ. డిగ్రీ అయ్యాక సనత్‌నగర్‌లో దగ్గు మందులు తయారుచేసే ఒక చిన్న కంపెనీ ల్యాబులో చేరాను. శాంపిల్ వస్తుంది, పరీక్ష చేస్తాను, ఫలితం రాసి సంతకం పెడతాను. రోజంతా నాకు తోడు గాజుసామాను. వాటితో ఇంగ్లీషులో మాట్లాడనక్కర్లేదు, అసలు మాట్లాడనే అక్కర్లేదు. పెళ్ళయి, పాప పుట్టి, పాప బడికి వెళ్ళడం మొదలయ్యాక కూడా ఆ ఉద్యోగం అలాగే హాయిగా సాగింది. ఇంతలో కంపెనీ అమ్ముడుపోతోందని, కొనేవాళ్ళకు వేరే చోట పెద్ద ల్యాబు ఉంది కాబట్టి మాది మూసేస్తారని గుసగుసలు మొదలయ్యాయి. మా మేనేజరు అరుస్తాడు గానీ మంచివాడు. నన్ను పిలిచి, ఎగుమతుల విభాగంలో ఒక పోస్టు మిగులుతుందని, మేనేజ్‌మెంట్ చదువుంటే నా పేరు చెబుతానని అన్నాడు. అప్పట్లో కోచింగ్ సెంటర్ల మైత్రీవనం ముందు నుంచి నడిస్తే చాలు, వద్దన్నా చేతినిండా కరపత్రాలు పడేవి. మా ఆయన అలా పడినవాటిలోంచి ఒకటి ఏరి తెచ్చాడు. డిగ్రీ ఇచ్చేది ఎక్కడో సముద్రాల అవతలి యూనివర్సిటీ, పాఠాలు చెప్పేది పంజాగుట్టలో, అదీ శని ఆదివారాలు. విమానం ఎక్కకుండానే విదేశీ చదువు అని ఆయన మురిసిపోయాడు. మేముండేది అమీర్‌పేట వెనక గల్లీ. పాఠం విని, నోట్సు రాసుకుని, పరీక్ష రాసి రావడమే కదా అని నేనూ తలూపాను.

తీరా వెళితే అక్కడ నోట్సు రాసుకోవడానికి ఏమీ లేదు. మా ప్రొఫెసరు ఆ యూనివర్సిటీ నుంచే వచ్చిన పొడుగాటి మనిషి. ఎప్పుడూ గొంతు పెంచేవాడు కాదు, మొహం మీద చిరునవ్వు చెదిరేది కాదు. ఆ చిరునవ్వే నాకు ఎక్కువ భయం. ఏదో ఒక కంపెనీ కష్టాల కథ, వాళ్ళ భాషలో కేసు, ముందుగా చదువుకు రమ్మనేవాడు. క్లాసులో పుస్తకం మూసి, బల్లల మధ్య మెల్లగా నడుస్తూ, ఎవరో ఒకరి దగ్గర ఆగి, "మీరు మొదలుపెట్టండి" అనేవాడు. అంతే. జవాబు తప్పయినా ఆయనకు ఫరవాలేదు, మాట్లాడకపోతేనే మార్కులు పోతాయి. నాకేమో సరిగ్గా దానికి తిరగేసిన అలవాటు. ల్యాబులో తేలనిది పైకి అనకూడదు. అంకె పక్కాగా వచ్చేదాకా నోరు మూసుకోవడమే అక్కడ మర్యాద. ఇక్కడ సగం సగం తెలిసినదాని మీద గట్టిగా వాదించాలట.

మొదటిసారి నా దగ్గర ఆగిన రోజు చెప్పుల కంపెనీ కథ. లేచి నిలబడ్డాను. రాత్రంతా చదివింది ఒక్క ముక్క గుర్తు రాలేదు. ఆయన ఓపిగ్గా చూసి, "ఫరవాలేదు, మళ్ళీ మీ దగ్గరికి వస్తాను" అన్నాడు. ఆ మాటతో మిగిలిన క్లాసు నాకు నరకం. ఆయన బూట్లు చప్పుడు చేసినప్పుడల్లా తల దించేసేదాన్ని. ఆ రోజు ఆయన మళ్ళీ రాలేదు. వచ్చి ఉంటేనే నయం, భయం అక్కడితో తీరేది. రాకపోవడంతో అది నాతోపాటు ఇంటికి వచ్చేసింది. తర్వాత నుంచి స్తంభం వెనక సీటు నాదైంది. ఆయన ఇటు జరిగితే నేను అటు ఒరిగేదాన్ని. శనివారం ఇడ్లీ ముట్టేదాన్ని కాదు. మెట్రో స్తంభాల కోసం రోడ్డంతా తవ్వి పెట్టిన రోజులవి. ఆ దుమ్ములో నడుస్తూ బంద్ ప్రకటిస్తే బాగుండనీ, వాన దంచికొడితే బాగుండనీ, లిఫ్టులో చిక్కుకుపోతే ఇంకా బాగుండనీ మొక్కుకునేదాన్ని. లిఫ్టు మాత్రం ఏనాడూ మొరాయించలేదు.

నా సంగతి పసిగట్టింది మా అత్తమ్మ. వాళ్ళది సిరిసిల్ల. మామగారి కాలంలోనే మగ్గం వదిలి పట్నం వచ్చి, ఇంటి ముందు గదిలో మిషను పెట్టుకుని చీరలకు ఫాల్స్ కుట్టేది. శనివారం శనివారం నా పళ్ళెం అలాగే మిగిలిపోవడం చూసి, ఏమైందని నిలదీసింది. చెప్పాను. విని, మెడలో టేపు సవరించుకుని, "గట్లయితే నేనడుగుత, నువ్వు చెప్పు" అంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో రెండో క్లాసు మొదలైంది. ఆమె మిషను తొక్కుతూ తొక్కుతూ ఉన్నట్టుండి కత్తెర నా వైపు చూపించి, "చెప్పు, కంపెనీ ఎందుకు మునిగింది?" అనేది. నేను కూరగాయలు తరుగుతూ ఇంగ్లీషులో మొదలుపెట్టేదాన్ని. మధ్యలో తడబడితే మిషను ఆపేసేది.

"ఆగినవ్. మళ్ల మొదటికెళ్లి చెప్పు."

నేను చెప్పేది తప్పో ఒప్పో నీకెలా తెలుస్తుందని ఒకసారి ఉక్రోషంగా అడిగాను. "నాకేమెర్క బిడ్డా, నువ్వేం చెప్తున్నవో. నువ్వు ఆగుడైతే ఎర్కైతది" అంది దారం కొరుకుతూ. పాప కూడా ఈ ఆటకు మరిగి, స్కూలు నుంచి వస్తూనే కంపెనీ ఎందుకు మునిగిందని అడిగేది. ఇంట్లో నా నోరు కాస్త తిరిగింది. హాల్లో మాత్రం స్తంభం వెనక నేను, నా భయం, ఎప్పటిలాగే ఉన్నాం.

చివరికి మౌఖిక పరీక్ష వచ్చింది. గ్రూపులుగా వెళ్ళి, ప్రొఫెసరు ముందు, బయటి నుంచి వచ్చిన ఇద్దరు పరీక్షకుల ముందు ఒక కేసు మీద మాట్లాడాలి. ఎవరినైనా ఏమైనా అడగవచ్చు. అందులో తప్పితే డిగ్రీ లేదు. అప్పటికి ల్యాబు మూసేయడం ఖాయమైపోయింది, మా పరికరాలకు అట్టపెట్టెలు కూడా తెచ్చారు. నాకున్న ఒకే ధైర్యం మా గ్రూపు లీడరు. కరీంనగర్ నుంచి వచ్చిన ఇంజనీరు, నాకంటే చాలా చిన్నవాడు, తమ్ముడూ అని పిలిచేదాన్ని. మైత్రీవనం కోచింగులన్నీ తిరిగి నేర్చిన ఇంగ్లీషు అతనిది, గలగలా పారేది. తాను మాట్లాడతానని, నేను పక్కన నిలబడి స్లైడ్లు మారిస్తే చాలని అన్నాడు. ఇంత దయగల మనిషిని నేను చూడలేదు అనుకున్నాను.

మాకు వచ్చిన కేసు ఒక చిన్న మందుల కంపెనీది. ఒక బ్యాచ్ మొదటి పరీక్షలో తప్పింది, రెండోసారి పాసైంది. కొన్నవాడు త్వరగా పంపమని తొందరపెడుతున్నాడు. మేనేజరు ఏం చేయాలి? పాసైంది కాబట్టి పంపాలని మా వాళ్ళు స్లైడ్లు తయారుచేశారు. మొదటిసారి ఎందుకు తప్పిందని నేను అడిగితే, అది కేసులో ఇవ్వలేదక్కా అని తమ్ముడు ముందుకు వెళ్ళిపోయాడు.

పరీక్ష రోజు మా వంతుకు కాస్త ముందు తమ్ముడు కనబడలేదు. వెతుక్కుంటూ మెట్ల వైపు వెళితే, మలుపులో గోడకు చేయి ఆనించి వాంతి చేసుకుంటున్నాడు. నీళ్ళ సీసా ఇచ్చాను. మొహం కడుక్కుని, నా వైపు చూడకుండా, "ఎవ్వరికి చెప్పకుర్రి అక్కా. మాట్లాడే ముంగట నాకు ప్రతిసారి గిట్లనే అయితది" అన్నాడు.

"మరి క్లాసుల గంత ధైర్యంగ ఎట్ల మాట్లాడతవ్?"

"ధైర్యమెక్కడిదక్కా. నేను ఆగితే ఆయన ఇంకోటి అడుగుతడని, ఆగకుండ మాట్లాడత."

ఆ మాటతో నాకు ఊరట కలగలేదు, నాకున్న ఆ ఒక్క ధైర్యమూ పోయింది. నేను ఆనుకున్న గోడ కూడా నాలాగే వణుకుతోందని తెలిస్తే ఎక్కడ నిలబడను? అయినా ఇద్దరం లోపలికి వెళ్ళాం. తమ్ముడు మొదలుపెట్టాడు. ఎప్పటిలాగే గలగలా. నేను స్లైడ్లు మారుస్తున్నాను. ప్రొఫెసరు అంతా విని, మెత్తగా అడిగాడు, ఆ రెండు ఫలితాల్లో మీరు దేన్ని నమ్ముతారని. తమ్ముడు కొనుగోలుదారుడి నమ్మకం గురించి ఏదో అందుకున్నాడు. నేను అడిగింది అది కాదు అన్నాడు ఆయన, అదే చిరునవ్వుతో. తమ్ముడు ఆగిపోయాడు. అతను ఆగడం నేను చూడటం అదే మొదటిసారి. అతని మొహంలో రంగు దిగిపోతుంటే, ఆయన తల నా వైపు తిరిగింది.

"మీరు?"

ఇన్నాళ్ళూ భయపడింది ఈ క్షణానికే. స్తంభం నా వెనక ఎక్కడో దూరంగా ఉంది. ఏసీ చప్పుడు, కింద పంజాగుట్ట చౌరస్తాలో హారన్లు, నా చెవుల్లో నా రక్తం. నోరు తెరిచాను, మాట రాలేదు. మళ్ళీ తెరిచాను. నా ఇంగ్లీషులో క్రియలన్నీ చెల్లాచెదురైపోయాయి గానీ మాట మాత్రం బయటికి వచ్చింది. ఏదీ నమ్మను సర్ అన్నాను. మొదటిది ఎందుకు తప్పిందో తెలిసేదాకా రెండోదాన్ని కూడా నమ్మను, సరుకు పంపను అన్నాను. మా స్లైడ్లన్నీ పంపమంటున్నాయి, నేను వాటి ముందే నిలబడి ఉన్నాను. బయటి పరీక్షకురాలు ముందుకు వంగి, కొన్నవాడు ఎదురుచూస్తున్నాడు, మీ బాసు మీద పడి అరుస్తున్నాడు, అప్పుడేం చేస్తారని అడిగింది. సనత్‌నగర్‌లో మా బాసు రోజూ అరుస్తూనే ఉంటాడు మేడం అన్నాను. హాస్యానికి అనలేదు, నిజమే చెప్పాను. ముగ్గురూ నవ్వారు. మరి కొన్నవాడికి ఏం చెబుతారని ఆవిడే మళ్ళీ అడిగింది. ఆ జవాబు నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. బ్యాచ్ ఒకసారి తప్పిందని చెప్పాలంటే భయంగానే ఉంటుంది, కానీ మందు ఎవరో తాగాక చెప్పడం కంటే ఇవాళే భయపడుతూ చెబుతాను అన్నాను. ప్రొఫెసరు చిరునవ్వు మాని ఏదో రాసుకున్నాడు. ఆ రాతకు కూడా భయపడ్డాను.

ఇంటికి వెళ్ళేసరికి అత్తమ్మ మిషను మీద ఉంది. అడిగారా అంది. అడిగారన్నాను.

"ఆగినవా?"

"ఆగిన అత్తమ్మా."

"మళ్ల మొదలువెట్టినవా?"

"పెట్టిన."

"ఇంకేంది మరి. చెయ్యి కడుక్కో, అన్నం తిందువు" అని లేచింది.

మార్కులు గొప్పగా ఏమీ రాలేదు, మా గ్రూపు పాసైంది. ల్యాబు మూశారు, నేను ఎగుమతుల విభాగానికి మారాను. తమ్ముడు ఇప్పుడు మాసబ్ ట్యాంక్ దగ్గర ఒక ఆఫీసులో పెద్ద హోదాలో ఉన్నాడు. మొన్న ఫోను చేసినప్పుడు, మీటింగుల ముందు ఇప్పటికీ అలాగే అవుతుందా అని అడిగాను. అవుతుందని, కాకపోతే ఇప్పుడు సొంత బాత్రూము ఉందని చెప్పాడు. నేను కూడా మీటింగులో నా పేరు వినబడితే బల్ల కింద చీర కొంగు పిండుకుంటూనే మాట్లాడతాను. ఆ రోజు పరీక్షలో నేను ఎంతసేపు మౌనంగా నిలబడ్డానని అడిగితే, తమ్ముడు రెండు సెకన్లు కూడా ఉండదన్నాడు. నా లెక్కలో అది ఇప్పటికీ ఒక పెద్ద మధ్యాహ్నమంత ఉంది. ఆ తర్వాతి ఏళ్ళన్నీ మాత్రం, ఎప్పుడు గడిచాయో తెలియకుండా గడిచిపోయాయి.