నూట పద్దెనిమిది మిల్లీమీటర్ల దగ్గర

దెయ్యాలూ శకునాలూ అంటే మా ఇంట్లో నవ్వులాట. పిల్లి ఎదురొస్తే నాన్న దానికి నమస్కారం పెట్టి మరీ డ్యూటీకి వెళ్లేవాడు. నేనూ ఆయన కూతుర్నే, దేన్నీ ఊరికే నమ్మను. అందుకే జరిగింది జరిగినట్టు చెబుతాను.

నాన్న చిలకలూరిపేట దగ్గర ఒక పత్తి జిన్నింగ్ మిల్లులో ఫిట్టరు. ఇరవై ఏళ్లు పత్తి దుమ్ము పీల్చి దగ్గు పట్టుకుంది. డిప్లొమా అయ్యాక నేను గుంటూరులో క్యాడ్ కోర్సులో చేరాను. కంప్యూటర్లో యంత్రాల విడిభాగాలు గీయడం వస్తే ఉద్యోగం ఖాయమన్నారు. నాకు ఉద్యోగం వచ్చిన రోజే నాన్న మిల్లు మానెయ్యాలి. అదీ మా ఒప్పందం.

మా సారు పుస్తకాల్లో బొమ్మలు ఒప్పుకునేవారు కాదు. మీ ఊళ్లో నడిచే యంత్రంలోంచి ఏదో ఒక భాగం కొలుచుకొచ్చి గీయమన్నారు. పత్తి సీజను కాబట్టి మిల్లులో యంత్రం ఆపరు. అందుకని నాన్న, అదే యంత్రానికి స్పేరుగా స్టోరు గదిలో గ్రీజు పూసి కాగితం చుట్టి ఉంచిన కొత్త షాఫ్ట్ తీయించాడు. బెల్టు పుల్లీని బిగించే ఇనుప కడ్డీ అది. వెర్నియరుతో ప్రతి కొలతా రెండేసి సార్లు తీసుకున్నాను. ఎక్కడా గీత కూడా లేదు, నున్నగా ఉంది.

మర్నాడు మోడల్ పూర్తిచేసి సేవ్ చేశాను. ఆ మరుసటి ఉదయం తెరిస్తే, పుల్లీ వైపు అంచు నుంచి నూట పద్దెనిమిది మిల్లీమీటర్ల దగ్గర కడ్డీ చుట్టూ సన్నటి గాడి ఉంది. గీతలో చేసిన ప్రతి పనీ నమోదయ్యే పక్క జాబితాలో నేను చేయని 'కట్' ఒకటి చేరింది. చెయ్యి జారి ఉంటుందనుకుని తీసేశాను. మర్నాడు మళ్లీ అక్కడే ఉంది. కొలత వెంట్రుకంత కూడా మారలేదు. మళ్లీ తీసేశాను.

మూడోసారి సారు కంట పడింది.

"ఏమ్మా, కొత్త షాఫ్ట్‌కి గాడెందుకు పెట్టావు? అరిగిపోయినదాన్ని కొలుచుకొచ్చావా?"

"నేను పెట్టలేదండి."

"మరెవరు పెట్టారు, దెయ్యమా?"

క్లాసంతా ఘొల్లుమంది. అరిగిన భాగాన్ని అరిగినట్టే గీసేయడం కొత్తవాళ్లు చేసే తప్పే కాబట్టి ఆయన్ని అనడానికి లేదు. ఆ గాడి తీయించి, వేరే కంప్యూటర్లో మొదటినుంచీ మళ్లీ గీయించి, దగ్గరుండి సేవ్ చేయించారు. మర్నాడు అందులోనూ గాడి ఉంది. నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది. సారు రాకముందే తీసేసి ప్రింటు ఇచ్చేశాను. మంచి మార్కులు వచ్చాయి.

"ఎంతవరకు వచ్చిందమ్మా నా షాఫ్టు?" అని నాన్న రోజూ అడిగేవాడు. బాగా వచ్చిందన్నాను. ఒక సాదా కడ్డీ గీయడానికి అన్ని రోజులు తిప్పలు పడ్డానని చెప్పుకోవడం నామోషీ అనిపించింది.

తర్వాతి వారం, మధ్యాహ్నం భోజనాలయ్యాక, నడుస్తున్న యంత్రంలో పాత షాఫ్ట్ విరిగింది. పుల్లీ ఊడొచ్చి నాన్న ఛాతీకి తగిలింది. గుంటూరు ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది.

ఆయన చెప్పులూ క్యారేజీ తెచ్చుకోవడానికి మిల్లుకు వెళ్లాను. విరిగిన ముక్క గోడవారగా పడి ఉంది. ఎందుకు కొలవాలనిపించిందో తెలియదు. బ్యాగులోంచి వెర్నియరు తీసి, పుల్లీ వైపు అంచు నుంచి విరిగిన చోటు వరకు మూడుసార్లు కొలిచాను. మూడుసార్లూ నూట పద్దెనిమిదే.

లోపల పాత పగులుందనీ, అది పైకి కనిపించేది కాదనీ మేస్త్రీ చెప్పాడు. ఆ షాఫ్ట్‌ను నేను అంతకుముందు ముట్టుకోలేదు, చూడనూ లేదు. నేను కొలిచిన కొత్తదాన్ని ఇప్పుడు అదే యంత్రానికి బిగించారు. ఫైలు నా దగ్గరే ఉంది. ఎన్నిసార్లు తెరిచినా మళ్లీ గాడి రాలేదు.

నాన్న పోయాక ఇంట్లో పెట్టిన ఆదరణ కూడికలో పాస్టరుగారి ప్రార్థన అయ్యాక అమ్మ నన్ను పట్టుకుని ఒకటే ఏడుపు. "ఆ ప్రభువు మనకొక్క మాటైనా ముందు చెప్పకుండా తీసుకుపోయాడే!" అంది.

ఎవరు చెప్పారో నాకు ఈరోజుకీ తెలియదు. నాలుగుసార్లు చెప్పారు. నాలుగుసార్లూ నా చేత్తో నేనే చెరిపేశాను. అమ్మకు ఈ సంగతి ఇంతవరకు చెప్పలేదు.