పంపుషెడ్డు ఎదురుగా ఇంజన్ ఆపితే

2018 అక్టోబరు. రావులపాలెంలో నేను వర్క్‌షాపు పెట్టి అప్పటికి పదహారేళ్ళు. డీజిల్ ఇంజన్లు నా పని. చేలల్లో పంపులు, రొయ్యల చెరువుల దగ్గర జనరేటర్లు, రేవుల్లో జనాన్ని దాటించే పడవలు. ఆ నెలలో వశిష్ఠ గోదావరి మీద ఒక లంక రేవు నుంచి పడవ యజమాని వెంకటరాజు గారు రెండోసారి ఫోన్ చేశారు. ఆయన ఇనుప పడవ ఇదివరకులా నడవడం లేదు. పొగ ఎక్కువ, వేగం తక్కువ.

అంతకు నెల ముందే ఓసారి వెళ్ళొచ్చాను. ఇంజెక్టర్లు, అంటే సిలిండర్లోకి డీజిల్ చిమ్మే ముక్కులు, విప్పి శుభ్రం చేశాను. ఫిల్టరు మార్చాను. పడవని గట్టున కట్టేసి రేస్ చేస్తే ఇంజన్ బ్రహ్మాండంగా పలికింది. "ఇంజన్లో ఏం లేదండి. నడపడంలోనే ఏదో తేడా ఉంది" అనేసి చేతులు దులుపుకున్నాను.

ఆ పడవ నడిపే సరంగు సూర్రావు గారు. ముప్పై ఏళ్ళుగా ఆయనది అదే రేవు. ఆయనకో పద్ధతి ఉంది. లంక గట్టు మీద ఒక పంపుషెడ్డు ఉంటుంది. పడవ సరిగ్గా దానికి ఎదురుగా రాగానే ఇంజన్ ఆపేస్తారు. మిగతా దూరం పడవ ఆ ఊపు మీదే జారుకుంటూ వెళ్ళి, రేవులో కట్టిన పాత టైర్లని మెల్లగా తాకి ఆగేది. ఆ వానాకాలం నుంచి అలా తాకడం మానేసింది. నాలుగు బారల ముందే నిలిచిపోయి, ప్రవాహానికి పక్కకి తిరిగిపోతోంది. ఒకసారి మళ్ళీ ఇంజన్ వేసేలోపు రాళ్ళకి కొట్టుకుంది. ఎక్కిన వాళ్ళలో ఒకావిడ పడిపోయి మోచెయ్యి విరగ్గొట్టుకుంది.

అదే వేసవిలో సూర్రావు గారికి రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషన్ అయింది. ఇంకేముంది, ఊరంతా తీర్పు చెప్పేసింది. ఆయనకి దూరం ఆనట్లేదు, తొందరపడి ముందే ఆపేస్తున్నాడు అని. నేనన్న మాట దానికి తోడైంది.

"సోమవారం నుంచి వేరే సరంగు వస్తాడండి. ఈలోగా ఇంజన్ ఇంకోసారి చూసిపెట్టండి, కొత్తవాడు ఇబ్బంది పడకూడదు" అన్నారు రాజు గారు.

నేను రేవుకి వెళ్ళేసరికి సూర్రావు గారు నన్ను చూసి గట్టు మీంచి లేచి వచ్చారు.

"మేస్త్రి గారూ, తేడా ఇంజన్ ఆపాకేనండి. పడవ రావట్లేదు. ఏదో పట్టేస్తోంది."

"ఏంటండి పట్టేసేది?"

"అదే తెలీట్లేదండి. మీరే ఎక్కండి. ఎక్కడ ఆపాలో మీరే చూసి చెప్పండి. నా కళ్ళొద్దు."

ఆ చివరి మాట నాకు గుచ్చుకుంది. ఎక్కాను. సగం నది దాటాక పంపుషెడ్డు మీంచి చూపు తిప్పలేదు. ఎదురుగా రాగానే "ఆపండి" అన్నాను. వెంటనే ఆపారు. పడవ కాస్త జారి, నాలుగు బారల ముందు నిలబడిపోయింది.

చూసినవి నా కళ్ళు. పోనీ ఇంజన్ అందామంటే అది ఆగే ఉంది. ఆపేసిన ఇంజన్‌కి రోగం ఏముంటుంది? పదహారేళ్ళ అనుభవం ఉందని విర్రవీగే నాకు ఇంత చిన్న ప్రశ్న అప్పటిదాకా తట్టనే లేదు.

రేవు చేరాక చొక్కా విప్పి నడుంలోతు నీళ్ళలోకి దిగాను. పడవ అడుగున చెయ్యి పెట్టి రాస్తే వేళ్ళు తెగాయి. అడుగంతా గరుకు గరుకుగా, గట్టి గుల్లలు.

"వేసవిలో ఈ పడవ ఎక్కడుందండి?" అని అరిచాను.

"ఇక్కడ నీళ్ళు తగ్గాక ఖాళీగా ఎందుకని నర్సాపురం అవతల ఉప్పునీళ్ళలో పనికి పంపానండి. నాలుగు నెలలు" అన్నారు రాజు గారు.

ఉప్పునీళ్ళలో బార్నకిల్స్ అనే చిన్న జీవులు ఇనుముకి అతుక్కుని గుల్లలు కట్టుకుంటాయి. మంచినీళ్ళలోకి వచ్చాక అవి చచ్చిపోతాయి గానీ గుల్లలు ఊడవు. ఏటా పడవని గట్టెక్కించి అడుగు గీకి తారు పూసేవారు. ఈసారి ఆలస్యంగా వచ్చిందని నీళ్ళలోనే ఉంచి, పైన కనిపించినంత మేర రంగులేయించి, పువ్వులూ పేరూ రాయించారు. నీళ్ళ కింద ఎవరు చూస్తారు?

నీళ్ళు చూస్తాయి. పడవ కదిలేటప్పుడు దాని ఒంటిని ఆనుకున్న నీళ్ళు కూడా కొంత దాంతో పాటు కదులుతాయి. ఆ రాపిడే ఫ్రిక్షన్. ఒళ్ళు గరుకైతే ఇంకా ఎక్కువ నీళ్ళని ఈడ్చుకుపోవాలి. అలా వెనక్కి లాగే బలాన్ని డ్రాగ్ అంటారు. తడిసిన పంచె కాళ్ళకి చుట్టుకుంటే నడిచినట్టే. ఇంజన్ బలం ఉన్నంతసేపూ ఎలాగో ఈడ్చుకొస్తుంది. అది ఆగాక అసలు సంగతి బయటపడుతుంది.

ఆదివారమంతా పడవని గట్టెక్కించి గీకాం. సోమవారం పొద్దున్న కొత్త సరంగు కూడా వచ్చి రేవులో నిలబడ్డాడు. మొదటి ట్రిప్పు సూర్రావు గారే నడిపారు. పంపుషెడ్డు ఎదురుగా ఇంజన్ ఆగింది. పడవ జారుతూ, జారుతూ వచ్చి టైర్లకి ఆనుకుంది.

"వచ్చావుగా, టిఫిన్ చేసి వెళ్ళు" అన్నారు రాజు గారు కొత్త సరంగుతో.

నేను సూర్రావు గారి చేతులు పట్టుకున్నాను. "పొరపాటు మాట అన్నానండి. నావల్ల మీ పని పోయేది."

ఆయన నవ్వారు. "మీరు ఇంజన్ మాట విన్నారండి. మూడు నెలల్నించీ నేను చెప్పేది ఎవరూ వినలేదు."

ఇప్పుడు ఏ పడవ దగ్గరికి వెళ్ళినా ముందు ఇంజన్ ఆపమంటాను. ఆ మోత ఆగితేనే నడిపే మనిషి చెప్పేది వినపడుతుంది.