డిస్కుకు పెట్టిన బొట్టు

వన్ టౌన్‌లో పెళ్లికార్డులు కంపోజ్ చేసే రోజుల్లో నా కంప్యూటర్‌కి కొత్త ఆపరేటింగ్ సిస్టం కావాల్సి వచ్చింది. కంపెనీవాళ్లు మన దేశానికి రేటు తగ్గించారన్నారు. ఎవరికి తగ్గించారో గానీ, అది నా షాపుకి మూడు నెలల అద్దె. పాత ఒరిజినల్ డిస్కు ఉంటే మాత్రం అప్‌గ్రేడ్ సగం ధరకే వస్తుంది.

"ఎందుకండీ, వంద రూపాయలకి కాపీ వేసిస్తాను," అన్నాడు కంప్యూటర్ షాపతను.

"నాది కొన్న డిస్కండీ. అప్‌గ్రేడే ఇవ్వండి," అన్నాను.

తెచ్చి ఎక్కిస్తుంటే మధ్యలో కంప్యూటర్, రుజువుకి పాత డిస్కు పెట్టమంది. పెడితే చదవలేదు. తీసి చూశాను. అద్దంలా మెరిసే వైపు, దసరా పూజలో నేనే పెట్టిన గంధం, కుంకుమ ఎండి అతుక్కుపోయి ఉన్నాయి. తడి నూలుగుడ్డతో, గీత పడకుండా, సాయంత్రం దాకా తుడిచాను. ఐదోసారికి చదివింది.

బొట్టు మాత్రం మానలేదు. మరుసటి దసరాకి కొత్త డిస్కుకూ పెట్టాను, డబ్బా మూత మీద.